ఆరు గంటల ఫోను

చర్చిలో అందరూ ఆవిడని గడియారం అక్క అంటారు. ఎదురుగా అనేవాళ్ళూ ఉన్నారు, చాటుగా అనేవాళ్ళూ ఉన్నారు. ఆ పేరు ఊరికే రాలేదు లెండి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆస్పత్రి లాండ్రీలో పనిచేసిన మనిషి. ఉతికిన దుప్పట్లు పొద్దున ఏడింటికి వార్డులకి చేరాలంటే ఏడింటికే చేరాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఎవరో ఒక రోగి ఐదు నిమిషాలు తడి పక్క మీద పడుంటాడని ఆవిడ బాధ. భర్త బస్సు డ్రైవరు, నలభై నాలుగేళ్ళకే గుండెపోటుతో పోయాడు. ఇద్దరు కూతుళ్ళని ఆ ఇస్త్రీ ఆవిర్ల మధ్యే పెంచి పెద్దచేసి, ఎవరిళ్ళకి వాళ్ళని పంపింది. ఇప్పుడు డెబ్భై ఏళ్ళు, ఒక్కతే ఉంటుంది. రిటైరయ్యాకైనా కాళ్ళు చాపుకుని కూర్చుందా అంటే అదీ లేదు. వారానికి మూడు రోజులు అదే ఆస్పత్రికి వెళ్ళి, నా అన్నవాళ్ళు లేని ముసలివాళ్ళకి తల దువ్వి, గోళ్ళు తీసి వస్తుంది. బంగారంలాంటి మనిషే. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. రోజూ ప్రార్థనలో ఒప్పుకుంటుంది, లేచాక మళ్ళీ మామూలే.

ఇరవై ఏళ్ళ కిందట చర్చిలో ఆర్గన్ వాయించే ముసలావిడ ఇంట్లో ఒంటరిగా చనిపోయింది. మూడు రోజులదాకా ఎవరికీ తెలియలేదు. భూస్థాపన అయిన సాయంత్రం ఆడవాళ్ళ కూటంలో గడియారం అక్క లేచి నిలబడింది.

"ఆదివారం ఆవిడ వాయిస్తే గొంతులు చించుకుని పాడాం. సోమవారం నుంచి ఆవిడ ఉందో పోయిందో మనలో ఒక్కళ్ళకి పట్టలేదు. ఏ మొహం పెట్టుకుని దేవుడి ముందు నిలబడతామమ్మా?" అంది.

ఆ రోజే ఫోన్ల వరస మొదలైంది. మొత్తం పన్నెండుమంది ఆడవాళ్ళు. పొద్దున ఆరింటికి మొదటి మనిషి, అంటే గడియారం అక్కే, రెండో మనిషికి ఫోను చేసి ఆ రోజు ప్రార్థన దేనికో చెబుతుంది. ఎవరికి ఒంట్లో బాలేదు, ఎవరు ప్రయాణంలో ఉన్నారు, అలాంటివి. రెండో మనిషి "అందింది" అని పెట్టేసి మూడో మనిషికి చేస్తుంది. అలా అలా వెళ్ళి పన్నెండో మనిషి, అంటే పాస్టరమ్మ, తిరిగి గడియారం అక్కకి చేసి విన్నది విన్నట్టు అప్పజెబుతుంది. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తియ్యకూడదు. ఆ మాట తిరిగొచ్చిందంటే పన్నెండుమందీ కళ్ళు తెరిచారన్నమాట. ఎవరైనా ఎత్తకపోతే ఫోను చేసినావిడ ఉన్నపళంగా వాళ్ళింటికి పరిగెత్తాలి. అందుకని ప్రతి మనిషి ఇంటి తాళంచెవి ఒకటి, వరసలో తనకి ముందున్న మనిషి దగ్గర ఉంటుంది.

ఈ వరసలో రెండో మనిషి గడియారం అక్కకి వదిన, స్వయానా అన్నగారి భార్య. వరస వేసిన రోజుల్లో ఇద్దరూ ఒకే కంచంలో తిన్నంత ప్రేమగా ఉండేవాళ్ళు. పదకొండేళ్ళ కిందట అన్న పోయినప్పుడు చెడింది. ఆయన ఆస్పత్రి రెండో అంతస్తులో ప్రాణం వదిలే వేళకి, ఈవిడ అదే భవనంలో కింద లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది. వదిన ఒక్క ఫోను చెయ్యలేదు. మధ్యాహ్నం ఎవరో వార్డు ఆయా కిందికి వచ్చి, "పైన మీ అన్నగారటగా" అంది. అంతే. ఆ రోజు నుంచి వదినతో మాటల్లేవు.

కానీ వరస ఉంది కదా. వరస మార్చమని అడగాలంటే కారణం చెప్పాలి, కారణం చెప్పడానికి ఇద్దరికీ అభిమానం అడ్డం. కాబట్టి పదకొండేళ్ళూ పొద్దున ఆరింటికి ఫోను మోగుతుంది. "చెప్పు" అంటుంది వదిన. ఈవిడ చెబుతుంది. "అందింది" అంటుంది వదిన. ఫోను పెట్టేస్తారు. మొండిఘటాలు, ఇద్దరూ ఇద్దరే.

అసలు గొడవ మొన్న ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా కూర్చుని ఉంటే వదిన నవ్వుతూ అంది, "ఇంకా ఈ ఫోన్లెందుకమ్మా, గ్రూపులో ఒక్క మెసేజి పెడితే పోలా? మా ఆడపడుచు పొద్దున్నే హాజరు వేస్తుంటే చచ్చినవాళ్ళు కూడా లేచి 'ఉన్నామండీ' అనాల్సి వస్తోంది." అందరూ పడీపడీ నవ్వారు. పాస్టరమ్మ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. గడియారం అక్కకి ఒళ్ళు మండిపోయింది. ఇంటికి రాగానే గుత్తిలోంచి వదిన ఇంటి తాళంచెవి ఊడదీసింది. కవర్లో పెట్టి అంటించి, పైన "మీ తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి" అని రాసింది. వచ్చే ఆదివారం అందరిముందూ చేతిలో పెట్టాలని కవరు సంచిలో వేసుకుంది.

సోమవారం పొద్దున ఆరయింది. వేలు వదిన నంబరు మీదికి వెళ్ళి ఆగిపోయింది. తనకి అక్కర్లేని ఫోను నేనెందుకు చెయ్యాలి అనుకుంది. ఎకాఎకిన మూడో మనిషికి, అంటే టైలరమ్మకి చేసింది.

"అదేంటక్కా, మీరు చేశారు?" అంది టైలరమ్మ. "పెద్దావిడ, మీ వదిన, బాగానే ఉందా?"

ఒక్కరోజు నేను చెయ్యలేదు, నువ్వు చూడు అని ఉంటే సరిపోయేది. అలా అనడానికి నామోషీ అడ్డొచ్చింది. "బాగానే ఉంది. ఇప్పుడే మాట్లాడాను. ఏదో పనుందట, నీకు నన్నే చెప్పమంది" అంది గడియారం అక్క. ఇరవై ఏళ్ళలో ఆ వరసలోకి వెళ్ళిన మొదటి అబద్ధం అదే.

ఆరూ ముప్పై ఐదుకి పాస్టరమ్మ మాట తిరిగి అప్పజెప్పింది. అంతా సవ్యంగా ఉన్నట్టే. కానీ కాఫీ నోటికి సహించలేదు. కడిగిన గిన్నే మళ్ళీ కడిగింది. ఎనిమిదింటికి తలెత్తకుండా చర్చికి వెళ్ళి, నిన్నటి ప్రభు బల్లలో ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసులు కడిగి, తుడిచి, ట్రేలో బోర్లించింది. పదీ పావుకి తాళం వేసి మెట్ల మీదికి వచ్చి అలవాటుగా తలెత్తి చూసింది.

వీధి చివర మూడో అంతస్తులో వదిన బాల్కనీ చర్చి మెట్ల మీదికి కనిపిస్తుంది. చర్చి బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికే పని వదినది. సోమవారం ఎనిమిదయ్యేసరికి ఆ గుడ్డ తీగ మీద ఉండాల్సిందే. జ్వరమొచ్చినా, అన్న పోయిన వారంలో కూడా, ఉంది. లాండ్రీలో పనిచేసిన కళ్ళు కదా, ప్రతి సోమవారం ఆ గుడ్డ చూసి "అంచు వంకరగా వేసింది" అని సణుక్కోవడం గడియారం అక్కకి అలవాటు. ఇవాళ సణగడానికి గుడ్డ లేదు. తీగ ఖాళీగా ఉంది.

అలిగిందేమో అనుకుంది. అలిగితే నా మీద అలుగుతుంది గానీ దేవుడి గుడ్డ మీద అలుగుతుందా? అక్కడే నిలబడి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది, అంతే. మూడోసారి చేస్తూనే వీధిలో పడింది. ఆ మోకాళ్ళతో అంత వేగంగా నడిచి ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలియదు.

మూడంతస్తులు ఎక్కి తలుపు ముందు నిలబడేసరికి ఊపిరి అందలేదు. లోపల ఫోను మోగుతూనే ఉంది. చేస్తున్నది తనే. దాని వెనక ఇంకో చప్పుడు వినిపించింది, పంపు వదిలేసినట్టు నీళ్ళ చప్పుడు. సంచిలోంచి కవరు తీసింది. పైనున్న తన రాత తనకే కనబడింది. కవరు ఒక పట్టాన చిరగలేదు. పళ్ళతో చింపి తాళం తీసింది.

వదిన స్నానాలగదిలో పడుంది. టబ్బు పక్కకి ఒరిగిపోయి, పంపు పారుతూ, నేలంతా చల్లటి నీళ్ళు. తెల్లగుడ్డ సగం టబ్బులో, సగం నేల మీద ఉంది. కుడికాలు ఉండకూడని తీరున తిరిగిపోయి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"వదినా" అంది గడియారం అక్క. పదకొండేళ్ళయింది ఆ మాట అని.

"టైమెంత?" అంది వదిన. గొంతు సన్నగా, ఎక్కడినుంచో వచ్చింది.

"పదిన్నర దాటింది."

వదిన ఆ మాట అర్థం కానట్టు చూసింది. ఆ గదికి కిటికీ లేదు. "ఇంకా ఆరు కాలేదనుకున్నా" అంది. "నీ ఫోను రాలేదుగా."

ఆ మాటకి గడియారం అక్క పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా చేతులు ఊరుకోలేదు. పంపు కట్టేసింది. కాలు కదపకుండా తడిబట్టలు కత్తిరించి తీసేసింది, బీరువాలో ఉన్న పొడి దుప్పట్లన్నీ తెచ్చి ఒంటి కిందికి తోసి, పైన కప్పి, చుట్టేసింది. లాండ్రీలో నేర్చిన పని అంతా ఆ పది నిమిషాల్లో పనికొచ్చింది. అంబులెన్సుకి ఫోను చేసి, వదిన రెండు చేతులూ తన చంకల్లో పెట్టుకుని కూర్చుంది.

ఆస్పత్రికి పాస్టరమ్మ వచ్చింది, టైలరమ్మ వచ్చింది. డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు. "తుంటి ఎముక విరిగింది. దాని సంగతి తర్వాత. అంతసేపు చల్లటి నీళ్ళలో ఉన్నారు, ఊపిరితిత్తులకి పట్టేసింది. రేపు పొద్దున వరకూ నేనేమీ చెప్పలేను. కొన్ని గంటలు ముందు తెచ్చుంటే బాగుండేది. ఎన్నింటికి పడ్డారు?"

"ఆరు తర్వాతేనండీ" అంది టైలరమ్మ. "ఆరింటికి మా అక్క ఈవిడతో మాట్లాడింది."

డాక్టరు గడియారం అక్క వైపు చూశాడు. ఇక్కడైనా నిజం చెప్పొచ్చు. "ఐదు గంటలు వేసుకోండి" అని మాత్రం అంది. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. టైలరమ్మ లెక్క కుదరనట్టు చూసి, కంగారులో తడబడిందిలే అని ఊరుకుంది.

పాస్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "దేవుడే మిమ్మల్ని పంపాడక్కా. మీరు ఆ బాల్కనీ వైపు చూడకపోతే ఏమయ్యేది? ఆదివారం చర్చిలో నిలబడి దేవుడి మేలుకి సాక్ష్యం చెప్పాలి మీరు, అందరూ వినాలి."

సాక్ష్యమట. గడియారం అక్కకి నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. సాయంత్రానికి వేరే ఊళ్ళో ఉన్న మేనకోడలు, వదిన కూతురు, ఇంటినుంచి అమ్మ ఫోను కూడా తీసుకుని వచ్చి, "నువ్వు అలిసిపోయావత్తా, నేను చూసుకుంటాగా" అని బలవంతాన ఇంటికి పంపించింది. అదీ మెచ్చుకుంటూనే పంపింది. ఇంట్లో మంచం మీద కూర్చుంటే ఒకటే ఆలోచన. నాకొక్క ఫోను చెయ్యలేదని పదకొండేళ్ళు వదిన మీద కడుపులో మంట పెట్టుకున్నాను. చివరికి నేను చేసిందేమిటి? ఆవిడైతే మొగుడు పోతుంటే కాళ్ళూ చేతులూ ఆడక మర్చిపోయి ఉంటుంది. నేను నంబరు మీద వేలు పెట్టి, తెలిసి తెలిసి మానేశాను. వదిన పోతే ఈ సంగతి తెలిసినవాళ్ళు నేనూ దేవుడూ తప్ప ఎవరూ ఉండరు. వదిన బతికితే, నోరు మూసుకుంటే చాలు, చచ్చేదాకా మెప్పులే. ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోయింది.

మంగళవారం ఆరయింది. ఆస్పత్రిలో ఉన్నా ఎవరినీ దాటి వెళ్ళకూడదనేది వరస నియమం. ఆ నియమం పెట్టింది తనే. వదిన నంబరు నొక్కింది. ఒకసారి మోగింది. రెండు. మూడు. నాలుగు. ఐదోసారికి ఎవరో ఎత్తారు. మేనకోడలి ఏడుపు వినాల్సొస్తుందని కళ్ళు మూసుకుంది.

"చెప్పు" అంది వదిన.

గొంతు గురగురమంటోంది, కానీ వదినదే. గడియారం అక్క కళ్ళు తెరిచింది. ఏదో ఒక జబ్బుమనిషి పేరు చెప్పి పెట్టేయొచ్చు. చెప్పెయ్యాలి, ఇప్పుడే, లేకపోతే ఇంక ఎప్పటికీ చెప్పను అనుకుంది.

"ఇవాళ ప్రార్థన నా కోసం చెయ్యండి" అంది. "నిన్న పొద్దున నేను వదినకి ఫోను చెయ్యలేదు. కోపంతో మానేశాను. మాట్లాడానని టైలరమ్మకి అబద్ధం చెప్పాను. ఆ ఐదు గంటలూ వదిన నీళ్ళలో పడి నా ఫోను కోసం చూసింది. డాక్టరు అడిగినా నిజం చెప్పలేదు. ఇది ఉన్నదున్నట్టు అందరికీ వెళ్ళాలి."

అవతల ఊపిరి శబ్దం వినబడుతూనే ఉంది. అందింది అనలేదు. ఫోను ఆగిపోయింది.

ఇంక కూర్చోలేదు, నిలబడలేదు. ఇప్పుడు టైలరమ్మ వింటూ ఉంటుంది. ఇప్పుడు నాలుగో ఆవిడ. లేదా వదిన అసలు ఎవరికీ చెయ్యకుండా ఫోను పక్కన పడేసి, మొహం గోడవైపు తిప్పుకుందేమో. ఆరూ ముప్పై ఐదు దాటింది. ఆరూ నలభై. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా మాట ఇంత ఆలస్యంగా తిరిగి రాలేదు. ఆరూ యాభై. ఆస్పత్రికి పరిగెత్తాలని చెప్పులు వేసుకుంది. ఆరూ యాభై రెండుకి ఫోను మోగింది.

పాస్టరమ్మ ఏడుస్తోంది. ఏడుస్తూనే నియమం తప్పకుండా మొదలుపెట్టింది. "ఇవాళ ప్రార్థన నా కోసం చెయ్యండి. నిన్న పొద్దున నేను వదినకి ఫోను చెయ్యలేదు. కోపంతో మానేశాను..." తన మాటలే, పదకొండు నోళ్ళు తిరిగి, ఒక్క ముక్క పోకుండా తన చెవిలోకి వచ్చాయి. గడియారం అక్క చివరిదాకా నిలబడి వింది.

"అక్కా, చివర్లో ఇంకో ముక్క ఉంది" అంది పాస్టరమ్మ. "కలపకూడదని తెలుసు. కానీ టైలరమ్మ దగ్గర్నుంచీ అందరూ అలాగే చెప్పారు. పెద్దావిడే కలిపిందట."

"ఏమంది?"

"'రేపు నేను ఎక్కడున్నా సరే, ఆరింటికే చెయ్యమనండి' అంది."

గడియారం అక్క మంచం అంచు మీద కూర్చుంది. చెప్పులు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. "అక్కా, ఉన్నారా?" అంది పాస్టరమ్మ.

"అందింది" అంది గడియారం అక్క.