లీలమ్మ ప్రార్థన మనవి

పాతబస్తీలో ఓ సన్నని గల్లీ చివర రెండు గదుల ఇల్లు, వెనక మంచమంత పెరడు. ఆ పెరట్లోనే లీలమ్మ నాటుకోడి గుడ్లు పొదిగి పదకొండు పిల్లల్ని లేపింది. దవాఖానాలో ఆయా పని చేసి అలసి వచ్చే లీలమ్మకు వాటి కిచకిచలు వింటే కాళ్ల నొప్పులు తెలిసేవి కావు. అలాంటిది, వారం తిరిగేసరికి నాలుగు పిల్లలు మాయమయ్యాయి.

పక్కింటి విమలాదేవికి ఓ పిల్లి ఉంది. పొద్దస్తమానం రెండిళ్ల మధ్య గోడ మీదే పడుకుంటుంది. ఇంకెవరిని అనుమానించాలి? అడగడానికి మాత్రం లీలమ్మకు నోరు రాలేదు. ఇరుగుపొరుగుతో లొల్లి పెట్టుకోవడం ఆమెకు చేతకాదు.

శుక్రవారం ఆడవాళ్ల ప్రార్థన కూటంలో, దాన్ని నడిపే రూప "మనవులు ఏమన్న ఉన్నయా అక్కా?" అనగానే లీలమ్మ కొంగు తల మీదికి లాక్కుంది.

"మా పక్కింటి విమలక్క పిల్లిని ఇడిసిపెట్టి నా కోడిపిల్లలను తినిపిస్తున్నది. దేవుడు ఆమె మనసు మార్చాలె. జర ప్రార్థన చెయ్యున్రి."

పన్నెండు మంది కళ్లు మూసుకుని, విమలాదేవి పేరెత్తి కన్నీళ్లతో ప్రార్థించారు. మరునాటికి నల్లా దగ్గర ఆ మాట తెలియని మనిషి లేదు.

ఆదివారం నుంచి పిల్లి గోడ మీద కనిపించలేదు. విమలాదేవి దాన్ని కిటికీ చువ్వకు కట్టేసింది. అది రోజంతా అరుస్తుంటే లీలమ్మ లోలోపల దేవునికి స్తోత్రం చెప్పుకుంది.

బుధవారం ఆమెకు సెలవు. మధ్యాహ్నం పెరటి గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. గోడ మీదుగా ఓ గాజుల చెయ్యి వచ్చింది. కోళ్ల మూకుడులోకి చెంబుతో నీళ్లు వంచి, చప్పుడు లేకుండా వెనక్కి పోయింది. తాను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆ మూకుడులో నీళ్లెందుకు తరగవో లీలమ్మ ఎన్నడూ ఆలోచించలేదు.

కాసేపటికి వాడిన నీళ్లు పోయే మోరీ తూములోంచి ముంగిస తల పెట్టింది. లీలమ్మ చేట పారేసి లేచేలోపే ఓ పిల్లను కరుచుకుని అదే దారిన పోయింది. తల్లికోడి గోలగోలగా పరుగెత్తింది. గోడ అవతల పిల్లి ఇంకా కట్టు మీదే ఉంది, అరుస్తోంది.

ఆ తూముకు ఇనుప జాలీ ఉండేది. గిన్నెలు తోమిన నీళ్లు ఆగిపోతున్నాయని పోయిన నెల ఊడదీసింది లీలమ్మే.

జాలీ వెతికి బిగించి, దాని మీద బండ పెట్టింది. మిగిలిన ఆరింటికీ ఇక భయం లేదు. సాయంత్రం భర్త భిక్షపతికి చెప్పుకుంది.

"దొంగ దొరికింది గదా, ఇంక ఫికర్ ఏంది?" అన్నాడతను.

"విమలక్క ముఖం ఎట్ల చూడాలె?"

"ఎవరికి ఎరుక? సప్పుడు చెయ్యకు."

ఆమె సప్పుడు చెయ్యలేదు. గురువారమంతా గోడ వైపు చూడకుండా తిరిగింది. మూకుడులో నీళ్లు మాత్రం పడుతూనే ఉన్నాయి.

శుక్రవారం రూప సంబరంగా లేచింది. "చూసిన్రా అక్కా? మనం ప్రార్థన చేసినం, ఆమె పిల్లిని కట్టేసింది. లీలక్కా, లేచి సాక్ష్యం చెప్పు."

అందరూ స్తోత్రమంటూ చేతులెత్తారు. తన అబద్ధానికి దేవుడి పేరు తోడవుతోంది.

"పిల్లి కాదు," అంది. "ముంగిస. జాలీ పీకింది నేను. దేవుని ముందర ఒక మనిషి మీద లేనిది చెప్పిన. మీతోని గూడ చెప్పిచ్చిన."

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. ఒకామె "నీకు మాత్రం ఏం ఎరుక తియ్" అని ఓదార్చబోతే లీలమ్మ తల అడ్డంగా ఊపి బయటికి నడిచింది.

విమలాదేవి గడపలో చిక్కుడుకాయలు తుంచుతోంది. లీలమ్మ నిలబడే అంతా చెప్పింది. ఆమె చెయ్యి ఆగలేదు.

"అందరి ముంగట నా పేరు తీసినవట."

"తీసిన అక్కా. ఇయ్యాల అందరి ముంగటనే తప్పయిందని చెప్పొచ్చిన."

"దేవునికి చెప్పినవ్, గల్లీకి చెప్పినవ్. గోడకు ఇవతల నేను లేనా లీలమ్మా? నన్నొక్క మాట అడగకపోతివి."

"పిల్లిని ఇప్పనా అక్కా?" అని మాత్రం అడగగలిగింది లీలమ్మ.

"ఇప్పు."

ఆరు రోజులుగా గుంజి గుంజి తాడు ముడి బిగుసుకుపోయింది. ఇప్పబోతే లీలమ్మ గోరు విరిగింది. విమలాదేవి చూస్తూనే కూర్చుంది. ఆ రోజు మాత్రం సాయానికి లేవలేదు.