విశాఖ బస్సులో ఆవగింజంత స్ఫటికం

ఈ రోజు పొద్దున్న అమలాపురంలో విశాఖ బస్సెక్కినప్పుడు నా చేతిలో చిన్న గాజు సీసా, అందులో ఆవగింజంత స్ఫటికం ఉన్నాయి. నా పరిశోధన కోసం తయారుచేసిన పదార్థం స్ఫటికంగా మారడం ఇదొక్కసారే జరిగింది. దాన్ని విశాఖ ల్యాబులో ఎక్స్-రేతో చూస్తేనే, అణువులోని వలయంలో నైట్రోజన్ నేను ఊహించి గీసిన చోట ఉందో లేదో తేలుతుంది. కుదుపులకి ఎక్కడ విరిగిపోతుందోనని సీసాను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

అదేమిటని పక్క సీటులోని మామ్మగారు అడిగితే ఇదంతా చెప్పాను.

"నువ్వనుకున్న చోట లేకపోతే ఎలాగమ్మా?"

"రెండేళ్ల పని మళ్లీ మొదటి నుంచి చెయ్యాలండి."

ఆవిడ వెంటనే లేచి ముందుకి కేకేశారు. "డ్రైవరుగారూ, గోతులు చూసుకుని నెమ్మదిగా పోనివ్వండి బాబూ! ఈ పిల్ల చేతిలో రెండేళ్ల కష్టం ఉందండి."

"ఆయ్, అలాగేనండి!"

ఆ తర్వాత బస్సంతా నా చేతులకేసే చూస్తుంటే సీసాను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

సాయంత్రం ల్యాబువాళ్లు మైక్రోస్కోపు కింద చూశారు. స్ఫటికం విరగలేదు. ఎక్స్-రే రేపు తీస్తారట. రాజమండ్రిలో దిగేముందు నా నంబరు తీసుకున్న మామ్మగారు ఇందాకే ఫోన్ చేసి, "తేలిందా అమ్మా?" అని అడిగారు.

నైట్రోజన్ అక్కడ లేకపోతే మా గైడుగారికి ఎలాగోలా చెప్పుకుంటాను. ఈవిడకి ఎలా చెప్పాలో మీరే చెప్పండి.