అత్తయ్య అలక మీద మూడు పేజీలు

నేను హాస్య రచయిత్రినైన వైనం ఒక మహాకావ్యం. అంటే, రూళ్ల నోటుబుక్కులో మూడు పేజీలు.

మొన్న బ్రాడీపేటలో, మా బంధువుల మీదే రాసిన నా కొత్త పుస్తకాల కట్ట విప్పుతుంటే పక్కనున్న కారం మిల్లు ఘాటు తగిలింది. వెంటనే పాత భయం పట్టుకుంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్న చెల్లెలు మా ఇంటికొచ్చినప్పుడల్లా అలుగుతుందనీ, కాఫీ వేళకి అలక మానేస్తుందనీ రాసి దాచుకున్నాను. కల్లంలో అందరూ మిరపకాయల తొడిమలు తీస్తుంటే, అక్క దాన్ని పైకి చదివేసింది. కాయలు కుక్కిన టిక్కీ బస్తాల వెనక నక్కి చూశాను. అత్తయ్య కళ్ళు ధారగా కారుతున్నాయి. ఇక ఆవిడ మా గడప తొక్కదు, నాన్న నా వీపు చీరేస్తాడు.

"ఏదే ఆ రాసిన మహాతల్లి? ఇట్రా!"

బస్తాల వెనక నుంచి బయటికొచ్చాను. "ఏడవొద్దత్తయ్యా, చింపేస్తాను."

"చింపితే చంపుతా! నేను అలక మానేసింది కాఫీకి కాదే, పకోడీలకి. సరిగ్గా రాసి చావు."

ఇప్పటికీ మొదటి ప్రతి అత్తయ్యకే పంపుతాను. ఆవిడ ఫోన్ చేసేదాకా నాకు ముద్ద దిగదు. ఆ కన్నీళ్ల సంగతి మాత్రం నేనెన్నడూ అడగలేదు.

తొడిమలు తీసిన చేత్తో కళ్ళు తుడుచుకుంటే ఎవరికైనా నీళ్లు కారతాయి. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.