ఉత్త చేతుల షికారు

ఈ సాయంత్రం సుల్తాన్ బజార్‌లో పిల్లలిద్దరికీ పండగ బట్టలు చూస్తుండగా, వీధి చివర ఎక్కడో షట్టరు దిగిన చప్పుడు వినిపించింది. దుకాణాలు మూసే వేళ కాదది. ఒక్కటే అయితే పట్టించుకునేదాన్ని కాదేమో. దాని వెనకే ఇంకొకటి, ఆ వెనక మరొకటి. దూరాన మొదలైన వాన మనవైపు నడిచి వస్తున్నట్టు ఆ చప్పుడు దగ్గరవుతూ వచ్చింది. ఎవరూ ఇంకా ఏమీ అనలేదు. అయినా నా ఒంటికి తెలిసిపోయింది. చేతిలోని గౌను అక్కడే వదిలి, చెరో చేత్తో పిల్లల్ని పట్టుకుని, "నడవండి, ఉరకొద్దు" అన్నాను. ఆ మాట నాది కాదు. పదిహేనేళ్ల కిందట అబిడ్స్‌లో సుగుణ టీచర్ మాతో అన్నది.

ఇల్లు చేరాక టీవీలో చెప్పారు, నగరం ఉద్రిక్తంగా ఉందనీ, రేపు బడులకు సెలవనీ. కాసేపటికి ఎదురింటి నస్రీన్ తలుపు తట్టింది. ఆమె నర్సు. భర్త ఊళ్లో లేడు. "అక్కా, రేపు నాకు డ్యూటీ ఉంది. సానియాను జర మీ ఇంట్ల ఉంచుకుంటరా?" అని అడిగింది. రోజూ మా పిల్లలతో మెట్ల మీద ఆడుకునే పిల్లే. కానీ రేపు ఎవరైనా వచ్చి ఈ పిల్ల ఎవరని అడిగితే? మా ఆయన కూడా క్యాంపులో ఉన్నారు. "పిల్లలున్న ఇల్లు కదా నస్రీన్... పొద్దున చెప్తా" అన్నాను. "సరే అక్కా" అని ఆమె నా మొహం చూడకుండా వెళ్లిపోయింది. తలుపు వేశాక నా మాటే నాకు మళ్లీ వినిపించింది. అదీ నాది కాదు. మా నాన్నది. అందుకే నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

అప్పట్లో నాంపల్లి స్టేషను వెనక వీధిలో మా ఇల్లు. కింది వాటా మాది, పై వాటా సుగుణ టీచర్‌ది. నాన్న ఊళ్లో సేద్యం వదిలేసి వచ్చి స్టేషన్లో పార్సిళ్ల పనిలో చేరాడు. టీచర్‌ది మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. భర్త పోయాక ఒక్కరే ఉంటూ, బళ్లో సాంఘికశాస్త్రం చెప్పేవారు. ఆవిడ గొంతు అంత మంచిది కాదు. ఆదివారం పొద్దున పాట ఎత్తుకుంటే పక్కింటి కుక్క లేచి వెళ్లిపోయేది. అది చూసి ఆవిడే ముందు నవ్వేవారు.

దసరాకీ, క్రిస్మస్‌కీ, ఎండాకాలం సెలవుల్లోనూ నన్నూ, పక్క వాటాలోని అక్కాచెల్లెళ్లనూ వెంటబెట్టుకుని దుకాణాలు చూపించడానికి అబిడ్స్‌కి నడిపించేవారు. ఎవరూ డబ్బు తేకూడదు. ఆవిడ సంచిలో రుమాలు, రస్కుల పొట్లం తప్ప ఏమీ ఉండేవి కావు. దానికి ఉత్త చేతుల షికారు అని పేరు పెట్టుకున్నారు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఇళ్లల్లోకి కేబుల్ టీవీ వస్తున్న రోజులు. దేశమంటే నాన్న మడిచి అటక మీద పడేసే పేపరనీ, అద్దాల వెనక దీపాల కింద ఉన్నదే అసలు లోకమనీ అనుకునేదాన్ని. ఆ లోకంలో ఒక నీలం జీన్స్ కోటు ఉండేది. ఓ గాజుకళ్ల బొమ్మ దాన్ని వేసుకుని నా తలమీదుగా ఎటో చూస్తుండేది. నిద్రలో ఆ కోటు నేనే వేసుకుని, ఎవరూ లేని అబిడ్స్‌లో నేలకు తగలకుండా నడిచేదాన్ని.

"కొననప్పుడు చూసుడెందుకు టీచర్?" అని ఓసారి అలిగాను.

"కొంటే ఒక్కటే వస్తది. సూస్తే దుకాణం మొత్తం మనదే" అన్నారు.

ఆ కోటున్న దుకాణం ఖాదర్ భాయ్‌ది. మమ్మల్ని చూడగానే బయటికొచ్చి నిలబడేవాడు. "టీచరమ్మా, ఈ పిల్లలకు పిలక జడలున్నప్పటి సంది సూస్తనే ఉన్నరు. ఒక్క రిబ్బనన్న తీస్కోండ్రి, నా ఇజ్జత్ నిలబెట్టుండ్రి."

"మీ అద్దాలు మా సూపులతోనే తుడుస్తున్నం భాయ్. గదానికి మీరే మాకియ్యాలె."

ఇంకో రోజు గుర్తుంది. ఏదో బంద్. బడి లేదని నేను మెట్ల మీద ఎగురుతున్నాను. టీచర్ పైనుంచి తొంగి చూశారు.

"ఏందే, గంత ఖుషీ?"

"సెలవు టీచర్."

"ఎవరిచ్చిన్రు?"

"గవర్నమెంటు."

"ఎవరికియ్యలే?"

ఆవిడ వేలితో చూపించారు. గేటు దగ్గర నాన్న డ్యూటీకి పోవడానికి సైకిల్‌కి గాలి కొట్టుకుంటున్నాడు. "సెలవు పంచితే అందరికి అందదు బిడ్డా. ఎవరికి అందలేదో సూడు. మీ సివిక్స్ పుస్తకంల ఇంతకన్న ఎక్కువ లేదు."

ఆ డిసెంబరులో ఢిల్లీ రాజకీయం అల్లర్లై మా వీధిదాకా నడిచి వచ్చింది. మేము ఖాదర్ భాయ్ దుకాణానికి కొంచెం ఇవతల ఉన్నాం. అద్దాల్లో దూది మంచు, కాగితం నక్షత్రాలు. టీచర్ హఠాత్తుగా ఆగి తల వంచి విన్నారు. ఆ తర్వాతే మాకు షట్టర్ల చప్పుడు వినబడింది. "నడవండి, ఉరకొద్దు." సగం దించిన షట్టరు కిందనుంచి ఖాదర్ భాయ్ చెయ్యి ఊపాడు. వంగి లోపలికి దూరాం. షట్టరు పూర్తిగా దిగింది.

కొత్త బట్టల వాసన, చీకటి. అక్కాచెల్లెళ్లలో చిన్నది వెక్కడం మొదలుపెట్టింది. ఖాదర్ భాయ్ ఒక నక్షత్రంలో దీపం వెలిగించి, వెలుగు బయటికి పోకుండా దానిమీద ఎర్రటి గుడ్డ కప్పాడు. మా మొహాలన్నీ దానిమ్మ రంగులోకి మారాయి. టీచర్ రస్కులు పంచారు. "ఇయ్యాల గిరాకి కాదు, సుట్టాలు" అన్నాడాయన నవ్వడానికి ప్రయత్నిస్తూ. బయట పరుగులు, కేకలు, అద్దం పగిలిన చప్పుడు.

"వాళ్లెవరు టీచర్?" అని గుసగుసగా అడిగాను. ఏ పక్షంవాళ్లో తెలిస్తే భయం తగ్గుతుందనుకున్నాను.

"ఉరికేటప్పుడు పేర్లుండయి బిడ్డా. ఇంటికి పోయినంక మళ్ల యాదికొస్తయి."

చప్పుడు తగ్గాక, వెనక గల్లీల్లోంచి ఖాదర్ భాయ్ ముందు నడుస్తూ మమ్మల్ని ఇంటిదాకా తెచ్చాడు. తనేమో అఫ్జల్‌గంజ్ వెళ్లాలి. అప్పటికే కర్ఫ్యూ అన్నారు. "ఒక్కరు యాడికి పోతరు? పైకి రండి" అన్నారు టీచర్.

మెట్ల దగ్గర నాన్న నిలబడ్డాడు. మంచివాడే. ఆ సాయంత్రమంతా నాకోసం వణికినవాడు. "టీచరమ్మా, ఎవరన్న సూస్తే? పిల్లలున్న ఇల్లు ఇది."

"ఔ అన్నా, పిల్లలున్న ఇల్లే. అందుకే" అన్నారు టీచర్, అడుగు వెనక్కి వెయ్యకుండా, గొంతు పెంచకుండా.

నాన్న పక్కకు జరిగాడు. కాసేపటికి తన దుప్పటి తీసుకెళ్లి పై వాటా గడప మీద పెట్టి, "చలి ఉంటది" అని దిగొచ్చాడు.

కర్ఫ్యూ ఎత్తేసేదాకా ఖాదర్ భాయ్ మాకు నక్షత్రాలు చెయ్యడం నేర్పాడు. కాగితానికి నాన్న పాత పేపర్లే. నాయకుల మొహాలూ, టీవీల ప్రకటనలూ ఒకే మడతలో పడి, కత్తెరకు కోణాలై రాలేవి. దారానికి గుచ్చి టీచర్ వరండాలో కట్టాం. గాలికి అవి తిరుగుతుంటే దేశమంతా మా నెత్తిమీద నెమ్మదిగా ఊగుతున్నట్టుండేది.

తర్వాత వెళ్లి చూస్తే, ఖాదర్ భాయ్ దుకాణం షట్టరు విరిగి, అద్దం పగిలిపోయి ఉంది. గాజుకళ్ల బొమ్మ రోడ్డు మీద వెల్లకిలా పడి ఉంది. ఒంటిమీద నీలం కోటు. చెయ్యి చాపితే అందేంత దగ్గర. అది ఉత్త గుడ్డ. నేను ఇన్నాళ్లూ కోరుకున్నది బహుశా దాని ముందున్న ఆ వెలుగును. టీచర్ వంగి బొమ్మను లేపి గోడకు ఆనించి నిలబెట్టారు.

నా పెళ్లికి ముందే టీచర్ పోయారు. ఆవిడ వస్తువేదీ నా దగ్గర లేదు. సెలవు అన్న మాట వింటే మాత్రం ఎవరికి అందలేదోనని ఇప్పటికీ అటూ ఇటూ చూస్తాను. ఈ సాయంత్రం ఆ అందని మనిషి మా గుమ్మంలోనే నిలబడి ఉంటే నాకు కనబడలేదు.

తెల్లవారింది. భయం పోలేదు. పిల్లలు లేవగానే "అమ్మా, ఇయ్యాల సెలవు" అని మంచం మీద ఎగిరారు.

"ఔ, మనకు సెలవు" అన్నాను. "నస్రీన్ ఆంటీకి లేదు, దవాఖానకు పోవాలె. సానియా పొద్దుమూకేదాకా మన దగ్గరే ఉంటది. మొహాలు కడుక్కోండి, నేను పోయి పిలుచుకొస్తా."

"మనింట్లనే ఎందుకు?" అంది పాప.

"మనది పిల్లలున్న ఇల్లు. అందుకే."