ఆ టైరు కొలత చెప్పింది నేనే

బేతంచెర్ల స్టేషన్ రోడ్డులో ఏ టీ బంకు దగ్గర నిలబడి అడిగినా, మా యజమాని స్పోర్ట్స్ కారు గండికోట మలుపులో ఎందుకు ఆగిపోయిందో చెబుతారు. టైర్ల చాచాకు చూపు మందగించిందని, చెయ్యి వణికిందని, టైరు సరిగా ఎక్కించలేదని చెబుతారు. చెప్పేవాళ్లలో ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు. నేనున్నాను. ఎక్కించడంలో ఏ లోపమూ లేదు. కొలతే తప్పు. ఆ కొలత చెప్పింది నేను. ఈ సంగతి కాగితం మీదికి ఎక్కకపోతే చాచా బతికుండగానే అబద్ధం ఊరి చరిత్ర అయిపోతుంది. నిజం పూర్తిగా తెలిసినవాళ్లం ముగ్గురం. ఒకాయన చెప్పడు. ఇంకొకాయన చెప్పినా నమ్మేవాళ్లు లేరు. మిగిలింది నేను.

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో బండల కొలతలు రాస్తాను. పొడవూ వెడల్పూ టేపు పట్టి, అడుగులు లెక్కకట్టి, లారీకి ఎక్కించే ముందు చీటీ రాసివ్వడం నా పని. సాయంత్రం ఒంటి మీది రాతిపొడి కడుక్కుని శాఖా గ్రంథాలయానికి వెళతాను. పద్నాలుగేళ్లుగా అదే అలవాటు. తెలుగు పుస్తకాలు అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. నక్షత్రాలు, నరాలు, బావుల తవ్వకం, మోటారు వాహనాలు, ఏది దొరికితే అది. ఫ్యాక్టరీలో నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ‘లైబ్రరీ’ అని పిలిచేవాళ్లు. ఎగతాళికే పిలిచినా నాకు బిరుదులా వినిపించేది. అన్నేళ్ల చదువుతో నాకొక దుర్గుణం అబ్బింది. చేత్తో పని నేర్చుకున్నవాడు ఆ పని గురించి మాట్లాడుతుంటే నాకు నవ్వొచ్చేది.

మా యజమాని బెంగళూరులో ఒక పాత బంగళా ఖాళీ చేస్తుంటే అందులోని స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఇంగ్లీషువాళ్ల తయారీ, రెండే సీట్లు, పైకప్పు లేదు. నా వయసుకు రెండింతలు దాని వయసు. మా బండలు కొనే బెంగళూరు వ్యాపారులు నలుగురైదుగురికి అలాంటి కార్లున్నాయి. చలికాలంలో వాళ్లంతా గండికోటకు వస్తామన్నారు. వాళ్ల వరసలో తన కారూ నిలవాలని ఈయన కోరిక. బండల లారీలోనే గడ్డి పరిచి కారును ఊరికి తెచ్చాడు. ఇంజను మొదటి తిప్పుకే మోగింది. టైర్లు మాత్రం ఎండాకాలం నల్లరేగడి చేనులా నెర్రెలిచ్చి ఉన్నాయి.

ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా చాచా షెడ్డు. ముప్పై ఏళ్లుగా మా లారీల టైర్లన్నీ అక్కడే విప్పడం, అక్కడే ఎక్కించడం. మిగతా లారీలవాళ్లు మిషన్లున్న కొత్త షాపులకు మళ్లిపోయారు. మా లారీలు ఆగినన్నాళ్లే ఆ షెడ్డు. ఇది చాచాకు తెలుసు, యజమానికీ తెలుసు. నాకూ తెలుసు.

చాచా కొలిచే తీరు వేరు. ముళ్లు వేసిన నులకతాడు ఒకటి ఉండేది. దాన్ని రిమ్ము లోపలి వెడల్పుకు పట్టి ముడి దగ్గర గోటితో నొక్కేవాడు. కారు విషయంలో ఇంకోటి కూడా చేశాడు. ఫ్యాక్టరీలో రాయి పాలిష్ చేసేటప్పుడు కారే బూడిదరంగు బురద బొచ్చెతో తెప్పించి, మడ్‌గార్డు లోపలి అంచుల పొడవునా ముద్దలు ముద్దలుగా అద్దాడు. పాత టైర్ల మీదే కారు నిలబెట్టి, ఇద్దరు లావుపాటి హమాలీలను సీట్లలో కూర్చోబెట్టి, వెనక డిక్కీ మీద ఇంకో ఇద్దర్ని ఎక్కించి, స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించాడు. తర్వాత మోకాళ్ల మీద వంగి ఏ ముద్ద ఎంత నలిగిందో వేలు పెట్టి చూశాడు.

లేచి చొక్కాకు చేతులు తుడుచుకుంటూ అన్నాడు. “నూట అరవై ఐదు, ఎనభై, పదైదు. అంతే సామీ. అంతకు మించి నూలుపోగు కూడా పట్టదు.”

యజమాని నా వైపు తిరిగాడు. “ఏమప్పా లైబ్రరీ, నీ పుస్తకాలేమంటాండాయి?”

ఆ మాట కోసమే నేను మూడు సాయంత్రాలు కాచుకున్నాను. గ్రంథాలయంలో మోటారు వాహనాల పుస్తకం ఒకటి ఉంది. అందులో టైర్ల అధ్యాయం వెతికి, అర్థం చేసుకుని, నోట్సు రాసుకుని ఉన్నాను. పాత టైరు మీద 5.60-15 అని ఉంది. మొదటిది వెడల్పు, అంగుళాల్లో. రెండోది రిమ్ము అడ్డకొలత. ఇప్పటి టైర్లకు మూడు అంకెలుంటాయి. మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎంతో చెప్పేది, మూడోది రిమ్ము. పాత టైరు నిలువెత్తు నేను టేపుతో కొలిస్తే దాదాపు ఆరువందల యాభై వచ్చింది. చాచా చెప్పిన టైరు లెక్కకట్టాను. ఆరువందల నలభై ఐదు. 205, 65, 15 లెక్కకట్టాను. ఆరువందల నలభై ఏడున్నర. నాది పాతదానికి ఇంకా దగ్గర. పైగా టైరు లావు. స్పోర్ట్స్ కారు వెడల్పు టైర్ల మీద నేలను పట్టుకుని కూర్చోవాలని పత్రికల్లో బొమ్మలు చూశాను.

ఇదంతా చెప్పి ఆపి ఉంటే అది తప్పు మాత్రమే అయ్యేది. నేను ఆపలేదు. చాచా చేతిలోని నులకతాడు లాక్కుని అందరికీ కనపడేలా పైకెత్తాను.

“చాచా, దీంతో తాయెత్తు కడతారు. టైరు కొలుస్తారా యాడన్నా?”

హమాలీలు పగలబడి నవ్వారు. నాకు ఇంకా ఊపొచ్చింది. ఆయనకు అంకెలు గుర్తుపట్టడం తప్ప చదువు రాదని నాకు తెలుసు. తెలిసే ఆయన్ని పాత టైరు ముందుకు పిలిచాను.

“ఈ ఐదు పక్కన సుక్క యాల ఉండాదో చెప్పు సూద్దాం.”

“సుక్క నాకు తెల్దప్పా,” అన్నాడు చాచా. “టైరు తెలుసు.”

“సుక్క తెల్కుండా టైరెట్ల తెలుసు?”

ఆయనకు కోపం రాలేదు. నేను కొలత రాసుకున్న చీటీ వైపు చూస్తూ నెమ్మదిగా అడిగాడు. “ఎత్తు సరిపోయింది సరే. నడుము సంగతేంది? నీకూ నాకూ ఎత్తు ఒకటే గదా. నా సొక్కా నీకు పడతాదా?”

“సొక్కాల అంగడి కాదు చాచా ఇది,” అన్నాను.

అప్పుడు యజమాని నవ్వుతూనే ఆ మాట అన్నాడు. “ఏం చాచా, బండలు రాసేవానికే నీకన్నా ఎక్కువ తెలిస్తే, నా లారీలు నీ కాడ యాల ఆపాల?”

నవ్వు మళ్లీ లేచింది. చాచా మాత్రం నవ్వలేదు. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. నా చీటీ యజమాని జేబులోకి వెళ్లింది.

టైర్లు కర్నూలు నుంచి వచ్చాయి. చాచానే ఎక్కించాలి. సన్నటి రిమ్ము మీద ఆ లావు టైరు కూర్చోబెట్టేసరికి దాని పక్కలు బుగ్గల్లా ఉబ్బాయి. ఒకటి ఎక్కించి ఆగాడు.

“సామీ, రిమ్ము శానా సన్నం. టైరు పొట్ట బయటికొస్తాండాది. మలుపులో మడ్‌గార్డు కోస్తాది. నా మాట ఇనండి.”

“ఎక్కిస్తావా, ఇంకొకర్ని పిల్చాల్నా?”

ఎక్కించాడు. నాలుగూ ఎక్కించి, గాలి చూసి, నట్లు రెండుసార్లు బిగించి, పక్కకు తప్పుకున్నాడు. యజమాని ఒక్కడే కూర్చుని కారును రైలు గేటు దాకా తోలుకెళ్లి తిరిగొచ్చాడు. టైరు ఎక్కడా ఒరుసుకోలేదు. ఒంటి మనిషి బరువు, చదును రోడ్డు. నేను చాచా ముందు నిలబడి, “ఏం చాచా, యాడ కోసింది?” అని అడిగాను. ఆయన గాలి నింపిన ట్యూబు బకెట్లో ముంచి బుడగలు చూస్తున్నాడు.

గండికోట ప్రయాణానికి కారు వెనక జీపులో మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్లారు. పనిముట్లతో చాచా, గొప్ప చెప్పుకోవడానికి నేను. బనగానపల్లె, కోయిలకుంట్ల దాటి జమ్మలమడుగు వరకు కారు బాగానే పోయింది. జమ్మలమడుగులో మమ్మల్ని కలిసిన బెంగళూరు వ్యాపారుల్లో ఒకాయన తన కారు కొడుక్కిచ్చి ఈ కారెక్కాడు. మా యజమానిది భారీ శరీరం, ఆయనది ఇంకా భారీ. కోట దారిలో ఒక కల్వర్టు మోరీ దగ్గర రోడ్డు కుంగి ఉంది, అక్కడే మలుపు. కారు కుంగులో దిగి తిరిగింది. గుడ్డ చించినట్టు చప్పుడైంది. కాలిన రబ్బరు కంపు జీపులోకి కొట్టింది.

ముందర ఎడమ టైరు పక్కగోడ మడ్‌గార్డు అంచుకు జానెడు పొడవు తెగిపోయింది. వెనక వస్తున్న బెంగళూరు కార్లు ఒక్కొక్కటే పక్కనుంచి మెల్లగా ముందుకు పోయాయి. ఒకామె ఫోన్ ఎత్తి వీడియో తీసుకుంది. కారులో కూర్చున్న వ్యాపారి దిగి, ప్యాంటు దులుపుకుని, తన వాళ్ల కారెక్కి వెళ్లిపోయాడు.

యజమాని చాచాను పిలిచాడు. మెడ వెనక చెయ్యి వేసి, తెగినచోటికి ముఖం ఆనేంత వరకు వంచాడు. చాచా టోపీ మట్టిలో పడింది.

“ముప్పై ఏండ్లుగా ఎక్కిస్తాండావు. ఇదేనా ఎక్కించేది? కండ్లు పోయినాయా? సూడు! బాగా సూడు!”

చాచా వంగినచోటనే తల తిప్పి నా వైపు చూశాడు. నేను పెన్న లోయ వైపు చూశాను. ఆ ఎర్రటి రాతి పొరలు ఒకదాని మీద ఒకటి ఎట్లా పేరుకుంటాయో చదివాను. అది గుర్తు తెచ్చుకుంటూ నిలబడ్డాను. టోపీ నా కాలికి రెండడుగుల దూరంలోనే ఉంది. నేను వంగలేదు.

“రేపట్నించి నా లారీ ఒక్కటి నీ షెడ్డు కాడ ఆగితే నన్నడుగు,” అన్నాడు యజమాని.

ఆగలేదు. నాలుగు నెలల్లో గాలి మిషను పాత ఇనుముకు పోయింది. షెడ్డు మూతపడింది. చాచా స్టేషన్ రోడ్డులో గొడుగు కింద సైకిళ్లకు, స్కూటర్లకు పంక్చర్లు వేసుకుంటూ కూర్చున్నాడు. యజమాని నన్ను పిలిచి, “నువ్వు సదువుకున్నోనివి, లారీ టైర్లు ఇంక నువ్వే సూసుకో,” అన్నాడు. ఒప్పుకున్నాను. సంతోషంగానే ఒప్పుకున్నాను.

ఆ పని కోసం మోటారు పుస్తకం మళ్లీ తీశాను. నేను నోట్సు రాసుకున్న పేజీ దొరికింది. ఈసారి తిప్పాను. తర్వాతి పేజీ నిండా ఒకే పట్టిక. ఏ వెడల్పు రిమ్ముకు ఏ వెడల్పు టైరు వరకు ఎక్కించవచ్చో అందులో వరసగా ఉంది. ఆ కారు రిమ్ముకు ఎదురుగా చాచా చెప్పిన కొలత ఉంది. నేను చెప్పినది దాని దరిదాపుల్లో లేదు. మొదటిసారి నాకు కావలసిన జవాబు దొరకగానే పుస్తకం మూసేశాను. నులకతాడు పట్టి, బురద ముద్దల మీద వేలు పెట్టి ఆయన చదివిన పేజీ అది.

మర్నాడు గొడుగు దగ్గరికి వెళ్లాను. “చాచా, తప్పు నాది,” అన్నాను.

“తెలుసు లేప్పా. ఎక్కించేటప్పుడే తెలుసు.”

“మరి ఆ పొద్దు మలుపు కాడ యాల చెప్పలా?”

“నువ్వు చెప్తావేమోనని సూస్తాంటి.” స్కూటరు ట్యూబును ఆకురాయితో రాకుతూనే అన్నాడు. “నువ్వు ఏటి దిక్కు సూస్తాంటివి.”

అక్కడి నుంచి నేరుగా యజమాని దగ్గరికి వెళ్లి పుస్తకం తెరిచి పట్టిక చూపించాను. ఆయన దానివైపు చూడలేదు.

“నీ చీటీ ఇంగా నా బీరువాలోనే ఉండాదప్పా. తప్పు ఎవునిదో నాకు తెల్దా?”

“మరి చాచా...”

“బండలు రాసేవాని మాటిని బెంగళూరోళ్ల ముందర నవ్వులపాలైనానని చెప్పుకోమంటావా? ఆయప్ప చేతి మీదికి తోస్తే ఎవురూ ఏమీ అనరు. ముసలోడు, చెయ్యి వణికిందంటారు.”

“ఒక్క లారీ అయినా మళ్లీ ఆపుదాం, అన్నా.”

“ఒక్కటి ఆగినా నేను తప్పు ఒప్పుకున్నట్లే. నీకు అంత జాలిగా ఉంటే నువ్వూ పోయి ఆ గొడుగు కింద కూచో.”

నేను కూర్చోలేదు. పుస్తకం మూసుకుని పనిలోకి వెళ్లాను. ఇప్పటికీ లారీల టైర్లు చూసేది నేనే. అవి స్టేషన్ రోడ్డు మీదుగానే పోతాయి. గొడుగు దగ్గర వేగం తగ్గించవద్దని డ్రైవర్లకు యజమాని చెప్పాడు. ఆ మాట వాళ్లకు చేరవేసింది కూడా నేనే.

ఇది రాయడానికి సాయపడిన వాళ్లున్నారు. గడువు దాటినా ఆ పుస్తకాన్ని నా దగ్గరే ఉంచుకోనిచ్చిన లైబ్రేరియనమ్మకు రుణపడి ఉన్నాను. యజమాని మలుపు దగ్గర అన్న మాటల్లో నేను మరిచిన వాటిని జీపు డ్రైవరు గుర్తు చేశాడు. రాసిన దాన్ని చదివి, నన్ను మంచివాడిగా చూపించుకున్న రెండు పేరాలు కొట్టేయించినది నా భార్య. వాళ్ల పేర్లు ఇక్కడ రాయాలనే అనుకున్నాను. ముందు చాచా దగ్గరికి వెళ్లి, ఆయన పేరు రాయవచ్చా అని అడిగాను.

“వద్దప్పా,” అన్నాడు. “ఊర్లో అందరూ అబద్ధానికి అలవాటు పడినారు. నేనూ పడినా. నువ్వు నిజం రాసి నా పేరు పెడితే, మల్ల అందరూ వచ్చి అడుగుతారు. ఆ పొద్దు నన్నెట్ల వంచినాడో మొదట్నించీ చెప్పాల.”

అందుకే ఆయన పేరు రాయలేదు. ఆయన పేరు లేనిచోట మిగతా పేర్లు రాయడానికి నాకు చెయ్యాడలేదు.