లోపలి వేలిముద్ర

నంద్యాలలో కెమెరాలు బాగుచేసే ఆయనంటే నాకు ఇప్పటికీ మంట. చెడిన వస్తువును బల్ల మీద పెడితే ముందు దాన్ని చూసేవాడు కాదు. తెచ్చినవాడి చేతుల వంక చూసేవాడు, దొంగను చూసినట్టు.

డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఒక వానాకాలం లెన్స్‌కు బూజు పడితే నేనే విప్పి, తుడిచి, బిగించాను. ఆ తర్వాత రుద్రవరం చర్చిలో పెళ్లి గ్రూపు ఫోటో తీస్తే, నడుమనున్న పాస్టరు, పెళ్లిజంట తప్ప అంచుల్లోని చుట్టాలందరూ అలుక్కుపోయారు. పెళ్లివారు ఫోటోలు నా మొహాన కొట్టారు. లెన్స్ పట్టుకుని నంద్యాల బస్సెక్కాను.

"విప్పినావా?" అన్నాడాయన.

"లేదన్నా, చెయ్యే పెట్టలేదు."

లెన్స్‌ను ట్యూబ్‌లైటుకు ఎత్తి చూశాడు. "బొటనేలు సూపీ."

చూపించాను. ప్రింట్లు కత్తిరిస్తూ కోసుకున్న అడ్డగాటు ఉంది.

"ఇదే గాటు లోపలి అద్దం మీద ఉండాది. అద్దం తిరగేసి బిగిచ్చినావ్. పనీ తెల్దు, నిజం చెప్పేదీ తెల్దు నీకి."

షాపులో ఉన్నవాళ్లందరూ నవ్వారు.

పావుగంటలో అద్దాన్ని సరిగా తిప్పి ఇచ్చాడు. వేలిముద్ర మాత్రం తుడవలేదు. అడిగితే, "దాంతో ఫోటోకేం కాదులే. మళ్లా విప్పాలనిపిస్తే సూసుకో" అన్నాడు.

ఆ లెన్స్‌తో పదేళ్లు పెళ్లిళ్లు తీశాను. ఒక్క ఫోటో చెడలేదు. ఆయన పోయాడని తెలిసిన రోజు దాన్ని వెలుతురుకు పెట్టి చూశాను. నా గాటు అలాగే ఉంది. ఇక అడిగేవాడు లేడు కదా, విప్పి తుడిచేద్దామని స్క్రూడ్రైవర్ తీశాను. నా చేతుల వంక ఎవరో చూస్తున్నట్టనిపించింది. ఆయన్ను తిట్టుకుంటూ లెన్స్‌ను మళ్లీ బీరువాలో పెట్టేశాను.