నాలుగో నంబరు కాగితం

1986. విశాఖ ఓడరేవు పక్కన ఒక ప్రైవేటు యార్డు. అక్కడి కంప్యూటర్ గదిలో ప్రోగ్రాములు రాయడం నా పని. ఏ క్రేను ఎన్ని టన్నులు ఎత్తవచ్చో చెప్పే కాగితం రోజూ పొద్దున్నే మా ప్రోగ్రామే అచ్చువేసేది. కాగితం నెత్తిన వెర్షన్ నంబరు, అంటే ప్రోగ్రాము ఎన్నోసారి మారిందో చెప్పే అంకె, ఉండేది.

రెండో క్రేనుకు కొత్త తాడు వేశారు. దాని బలం తక్కువ. ఎనిమిది టన్నుల హద్దును ఆరుకు దించి, ఆ సోర్సును ఫ్లాపీలో మా గది ఇన్‌ఛార్జికి ఇచ్చి, నేను రెండు రోజులు భీమిలి వెళ్ళాను. సోర్సు అంటే మనం రాసే మూలం. దాన్ని కంపైల్ చేస్తేనే యంత్రానికి పనికొచ్చే ప్రోగ్రాము తయారవుతుంది. తిరిగొచ్చేసరికి కాగితం మీద 'వెర్షన్ 3' పోయి 'వెర్షన్ 4' అని ఉంది. నా మార్పు ఎక్కిందనుకున్నాను. కింద అంకెలు చూడలేదు. ఛీ, నా బుద్ధి!

వారం తిరక్కుండా ఆ కొత్త తాడు తెగింది. కిందెవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆపరేటర్ అప్పలనాయుడిని సస్పెండ్ చేశారు. విచారణలో మా ఇన్‌ఛార్జి రిజిస్టరు తెరిచి, "నాలుగో వెర్షన్ కాగితం ఇచ్చాం. అందులో ఆరే. ఇతను ఎనిమిది ఎత్తాడు" అన్నాడు.

ఆ రోజు కాగితం వానకు నానిపోయింది. నాయుడి దగ్గర మాట తప్ప ఏమీ లేదు.

"ఎనిమిదే ఉంది బాబూ. నా కళ్ళతో సూసాను. ఇరవై ఏళ్ళు క్రేను తోలినోణ్ణి, నాకు అబద్ధమెందుకు?"

నేను లేచి వెళ్ళి ఆ ప్రోగ్రామునే మళ్ళీ నడిపాను. నెత్తిన వెర్షన్ 4. రెండో క్రేనుకు ఎనిమిది! ఒళ్ళు మండిపోయింది. కాగితం తెచ్చి బల్ల మీద కొట్టాను.

"ఇదేమిటండీ?"

ఇన్‌ఛార్జి తడుముకోలేదు. "తనిఖీ వాళ్ళొస్తన్నారని, ఆ ఫ్లాపీ ఎక్కించకుండా పాత సోర్సులోనే నంబరు మార్చీసాను. లోపలిది తర్వాత చూద్దామనుకున్నాను. దానికింత రాద్ధాంతమేటి?"

రాద్ధాంతమట! ఒక మనిషి కూడు పోతుంటే తను చేసింది దాచిపెట్టి కూర్చున్నవాడు ఆ మాటంటాడా? ఇన్నేళ్ళయినా ఆ గొంతు గుర్తొస్తే నాకు పళ్ళు పటపటమంటాయి.

నాయుడు మళ్ళీ పనిలోకి వచ్చాడు. ఆ నంబరును చేత్తో కొట్టే పద్ధతి నేను తీసేశాను. కంపైల్ చేసేటప్పుడే సోర్సులోని ప్రతి అక్షరాన్నీ లెక్కగట్టి, ఆ లెక్కనే యంత్రం వెర్షన్‌గా అచ్చువేసేలా రాశాను. సోర్సు మారకుండా అది మారదు. గర్వంగా మొదటి కాగితం నాయుడికి నేనే తీసుకెళ్ళి, ఇదంతా చెప్పాను.

అతను ఆ పొడుగు నంబరు వైపు చూడనైనా లేదు. కాగితం, పెన్ను నా చేతిలో పెట్టాడు.

"నంబరు నాకెందుకు బాబూ? ఆ రోజూ నంబరుంది కదా. కింద మీ సంతకం ఎట్టండి."

రెండో క్రేను వరుస వేలు పెట్టి చదివాను. ఆరు. అప్పుడు సంతకం పెట్టాను.